పర్యావరణ పాటలో పదాల అల్లిక: తిరిగొచ్చే మాటలు లెక్కపెడితే సరిపోతుందా?

మీ ప్రాజెక్టు కోసం పర్యావరణం మీద వచ్చిన పాటలు కొన్ని తీసుకుని, ఒక్కో పాటలో ఏ పదం ఎన్నిసార్లు వచ్చిందో పట్టిక వేశానని రాశారు. ఎక్కువసార్లు తిరిగొచ్చిన పదమే పాటను కలిపి ఉంచుతోందని చెప్పవచ్చా, సొంతంగా ఒక పాట రాయాలన్నా ఇదే సూత్రం పనికొస్తుందా అన్నవి మీ ముఖ్యమైన రెండు ప్రశ్నలు. రెండింటికీ నా జవాబు ఒకటే: ఆ లెక్క ఒక్కటే చాలదు. పట్టిక పడేయకండి, దానితో చేయాల్సిన అసలు పని ఇంకా మిగిలి ఉంది.

పాటన్నాక పునరుక్తి ఎలాగూ ఉంటుంది. పల్లవి ప్రతి చరణం తర్వాతా వస్తుంది కాబట్టి అందులోని పదాలు లెక్కలో వాటంతటవే పైకి తేలతాయి. ప్రేమపాటైనా జోలపాటైనా ఇంతే. ఆ అంకెలు పాట రూపం గురించి చెబుతాయి గాని, ఇది పర్యావరణ పాటగా ఎలా నిలబడిందో చెప్పవు. దాన్ని పట్టుకోవాలంటే ఒకదానికొకటి సంబంధమున్న పదాలను వరుసలుగా చూడాలి, ఆ వరుసలు ఒకదాన్నొకటి ఎక్కడ కలుసుకుంటున్నాయో చూడాలి.

1976లో భాషాశాస్త్రవేత్తలు హాలిడే, రుఖయా హసన్ కలిసి ఇంగ్లిషులో పొంతన (కొహీషన్) మీద, అంటే ఒక రచనలోని మాటలు ఒకదానితో ఒకటి అతికి ఉండటం మీద రాసిన పుస్తకం పదాల వల్ల వచ్చే పొంతనను రెండు పాయలుగా చూపింది. మొదటిది పునరుక్తి. అదే పదం మళ్లీ రావచ్చు, దాని పర్యాయపదం రావచ్చు, వేపకు బదులు చెట్టు అన్నట్టు జాతిని చెప్పే పెద్ద పదం రావచ్చు, లేదంటే 'వస్తువు', 'సంగతి' లాంటి అన్నిటికీ సరిపోయే మాట రావచ్చు. రెండోది సాహచర్యం. వాన, మబ్బు, ఉరుము, తడి వేర్వేరు పదాలే అయినా ఒకచోట కనిపించడం మనకు అలవాటు కాబట్టి ఒకటి వినగానే రెండోది అందుకుంటుంది. చాలా ప్రాజెక్టులు ఇక్కడే ఆగిపోతాయి. పునరుక్తి ఇంత శాతం, సాహచర్యం ఇంత శాతం అని రాసి ముగిస్తాయి. హసన్ మాత్రం అక్కడ ఆగలేదు. పిల్లలు చెప్పిన కథలను పరిశీలిస్తూ 1984లో 'కొహీసివ్ హార్మొనీ', అంటే పదాల వరుసల కలయిక అన్న ఆలోచనను ముందుకు తెచ్చారు. ఒక వరుసలోని కనీసం రెండు పదాలు మరో వరుసలోని రెండు పదాలతో ఒకే రకమైన సంబంధంలో ఉంటేనే ఆ రెండు వరుసలు కలిసినట్టు లెక్క. వరుసలు ఎన్ని ఉన్నాయన్నది కాదు, అవి ఎంతగా కలిశాయన్నదే రచన బిగువును నిర్ణయిస్తుందని ఆవిడ వాదన. పాటలకు ఇంతకన్నా పనికొచ్చే పనిముట్టు నాకు కనబడలేదు.

ఉదాహరణ లేకుండా ఇదంతా గాలిలో మాట. రెండు ముక్కలు నేనే కట్టి చూపిస్తాను. మొదటిది ఇలా ఉందనుకోండి:

ప్రకృతి మన తల్లిరా, పర్యావరణం కాపాడరా
ప్రకృతే మన ప్రాణమురా, ప్రకృతిని పూజించరా
చెట్లు నాటి పెంచరా, కాలుష్యం ఆపరా
భావితరాల బాగు కోరి ప్రకృతిని రక్షించరా

రెండోది:

ఏటి గొంతు ఎండిందిరా, ఇసుక
మాట మాత్రం మిగిలిందిరా

రెల్లు పొద లేదు, రేవు మెట్లున్నాయి
పడవ తాడుంది, ఊపే అల లేదు
కొంగ వచ్చి వాలి నీడ కానక పోయింది
చేప జాడ లేదు, చేతి వల మిగిలింది

పునరుక్తి లెక్కన చూస్తే మొదటిదే గెలుస్తుంది. నాలుగు పాదాల్లో 'ప్రకృతి' నాలుగుసార్లు వచ్చింది, అంత్యప్రాస ఒక్కచోటా తప్పలేదు. రెండోదాని చరణంలో 'ఏరు' అన్న పదమే లేదు. అయినా చెవికి ఏది ఒక్క పాటలా వినిపిస్తోంది? 'చెట్లు నాటి పెంచరా' అన్న పాదాన్ని తీసుకెళ్లి ఇంకే పర్యావరణ పాటలో పెట్టినా ఇమిడిపోతుంది. 'పడవ తాడుంది, ఊపే అల లేదు' అన్నదాన్ని అడవి పాటలో పెట్టి చూడండి, అది ఎవరి పాదమో వెంటనే తెలిసిపోతుంది. నేను చరణాలు దిద్దేటప్పుడు మొదట చేసే పరీక్ష ఇదే. ఒక పాదాన్ని పీకి వేరే పాటలో పెడితే అక్కడ హాయిగా కుదురుకుందంటే, అది ఈ పాటను పట్టుకుని లేనట్టే.

ఇప్పుడు రెండోదాన్ని వరుసలుగా విప్పుదాం. రెల్లు, అల, కొంగ, నీడ, చేప ఒక వరుస. ఏటివీ, ఏటిని నమ్ముకున్నవీ ఇవి. మెట్లు, తాడు, వల రెండో వరుస. మనిషి చేసి పెట్టుకున్నవి. లేదు, కానక, పోయింది మూడో వరుస. ఉంది, ఉన్నాయి, మిగిలింది నాలుగోది. ఏది దేనితో కలుస్తోందో గీతలు గీసి చూడండి. ఏటి వరుస అంతా 'లేదు' వైపుకే వెళ్తుంది, మనిషి వరుస అంతా 'ఉంది' వైపుకే. ఏరు పోయాక దాని మీద బతికిన పనిముట్లు మిగలడం అన్న విషయాన్ని ఏ పాదమూ విప్పి చెప్పలేదు. ఆ కలయికే చెప్పింది. పాట ఆరోపణ చేయలేదు, ఉపదేశం ఇవ్వలేదు. పదాలు ఎవరి పక్కన నిలబడ్డాయో చూసి వినేవాడే అర్థం చేసుకుంటాడు.

కొంగ పాదంలో మనిషి వస్తువు లేదు, గమనించారా? అది కావాలనే అలా ఉంచాను. నాలుగు పాదాలూ ఒకే అచ్చులో పోస్తే మూడోదానికే వినేవాడు తర్వాత రాబోయేది ఊహించేస్తాడు. ఒకచోట అచ్చు తప్పితే నాలుగో పాదంలో అది తిరిగొచ్చినప్పుడు బలం వస్తుంది. ఇసుక కూడా ఈ లెక్కకు లొంగదు. అది ఏటిదే, అయినా 'మిగిలింది' వైపు నిలబడింది. ఇలాంటి మినహాయింపులు దొరికితే పట్టికలో దాచిపెట్టకండి, విడిగా రాయండి. పాటలో ఆలోచన మలుపు తిరిగేది తరచు అక్కడే.

పల్లవిలో 'గొంతు ఎండింది' అన్నది కూడా ఓసారి చూడండి. గొంతు ఎండటం దాహానికి మనం వాడే మాట. దాహం తీర్చాల్సిన ఏటికే దాహం వేసింది. ఆ 'గొంతు' వల్లనే రెండో పాదంలో 'మాట' అతికింది. గొంతు తీసేసి 'ఏటి నీరు ఎండిందిరా' అంటే అర్థం చెడదు గాని 'ఇసుక మాట' ఎక్కడి నుంచి ఊడిపడిందో తెలియదు. ఒక పదం మార్చితే రెండు పాదాల బంధం తెగిపోతుంది. పదాల ఎంపిక పొంతనను ఎలా పుట్టిస్తుందో చూపడానికి మీ ప్రాజెక్టులో ఇలాంటి ప్రయోగాలు రెండు మూడు చేయండి. ఒక్కో పదాన్ని దాని పర్యాయంతో మార్చి, ఏ పాదంతో సంబంధం తెగిందో రాయండి. శాతాల కన్నా ఇది చదివేవాళ్లకు ఎక్కువ చెబుతుంది.

ప్రసిద్ధమైన పాటల్లోనూ ఇదే పనితనం కనిపిస్తుంది. మార్విన్ గే 1971లో పాడిన 'మెర్సీ మెర్సీ మీ' పాటలో గాలి, సముద్రం, చేపలు, భూగర్భం, ఆకాశం ఒక వరుస. విషం, చమురు, పాదరసం, రేడియేషన్ ఇంకో వరుస. ఒక్కో చోటుకు ఒక్కో విషం అంటుకుని ఉంటుంది. చేపల్లో పాదరసం, సముద్రం మీద చమురు, నేల కిందా ఆకాశంలోనూ రేడియేషన్. రెండు వరుసల్లోనూ పదాలు మారిపోతూనే ఉంటాయి, మారనిది వాటి మధ్య సంబంధం. 'కాలుష్యం' అన్న ఒక్క మాటతో సరిపెట్టి ఉంటే ఆ పాటలో సముద్రానికీ ఆకాశానికీ తేడా ఉండేది కాదు. 1970లో జోనీ మిచెల్ పాడిన 'బిగ్ యెల్లో టాక్సీ' ఇంకో దారి పట్టింది. స్వర్గాన్నీ పార్కింగ్ స్థలాన్నీ ఎదురెదురుగా నిలబెట్టింది. నిఘంటువులో ఈ రెండూ వ్యతిరేక పదాలు కావు. ఆ పాట లోపల మాత్రమే అవుతాయి. అలా పాట తనకోసం పుట్టించుకున్న వ్యతిరేకాలను తప్పకుండా విడి గడిలో రాసుకోండి. పర్యావరణ పాటలో దాదాపు ఎప్పుడూ ఒక 'అప్పుడు', ఒక 'ఇప్పుడు' ఉంటాయి. ఆ రెంటి మధ్య ఏయే పదాలు జంటలుగా నిలబడ్డాయో చూస్తే పాట నిర్మాణం సగం బయటపడుతుంది.

పర్యాయపదాల దగ్గర తెలుగు కవికి ఒక పెద్ద సదుపాయం ఉంది, అదే పెద్ద ప్రమాదం కూడా. నేల, మన్ను, భూమి, పుడమి, అవని, ధరణి, ధరిత్రి, వసుంధర. యతికో ప్రాసకో ఏది కుదిరితే అది వేసేయవచ్చు. అందుకే ఒకే చరణంలో 'పుడమి', 'అవని', 'ధరణి' మూడూ దొర్లించిన పాటలు కొల్లలు. పట్టికలో ఇవన్నీ పర్యాయపదాలుగా నమోదవుతాయి, పొంతన బ్రహ్మాండంగా ఉందనిపిస్తుంది. చెవికి అలా ఉండదు. 'నేల' కాలి కింద ఉండేది, దున్నేది, తడిసేది. 'వసుంధర' అనగానే స్తోత్రం స్థాయికి వెళ్తాం. నాగలి, చాలు, విత్తు అని నడుస్తున్న చరణంలో హఠాత్తుగా 'ధరిత్రి' వస్తే అది ఇందాకటి నేలే అని వినేవాడికి అనిపించదు, ఇంకేదో మొదలైందనిపిస్తుంది. ఒకే వస్తువు గురించి మాట్లాడుతున్నామన్న నమ్మకం తెగాక పర్యాయపదం ఉన్నా లేనట్టే. అదే మార్పును తెలిసి చేస్తే వేరు. రెండు చరణాలు 'నేల' అని నడిపి, మూడోదానిలో ఆ నేలనే పలకరించేటప్పుడు 'తల్లీ' అన్నారనుకోండి, అక్కడ పదం మారడమే సంఘటన. మొదటి పాదం నుంచే 'నేలతల్లి, ధరణిమాత' అంటూ వచ్చిన పాటకు ఆ అవకాశం మిగలదు.

'పచ్చని చెట్లు', 'గలగల పారే సెలయేరు', 'పక్షుల కిలకిలలు' లాంటి సిద్ధంగా దొరికే జంటల గురించి పెద్దగా చెప్పను. అవి తమలో తాము గట్టిగా అతుక్కుని ఉంటాయి, పక్క పాదంతో వాటికి పని ఉండదు. సాహచర్యం లెక్కలో వాటికి మార్కులు వేయకండి.

క్రియల దగ్గర మాత్రం ఆగాలి, ఎందుకంటే పర్యావరణ పాట నిజాయితీ తేలేది అక్కడ. తెలుగులో కూలు–కూల్చు, కాలు–కాల్చు, తెగు–తెంచు, మాడు–మాడ్చు, చెడు–చెరుచు లాంటి జంటలు బోలెడు. 'మాను కూలింది' అంటే చేసినవాడు కనబడడు. 'మాను కూల్చారు' అంటే కనబడతాడు. ధాతువు ఒకటే కాబట్టి చెవికి పునరుక్తిలాగే వినిపిస్తుంది, కాని బాధ్యత ఒకరి మీదికి వచ్చి పడుతుంది. ఒక పాట మొదటి చరణమంతా 'కూలింది, కాలింది, తెగింది' అని నడిచి, చివరి చరణంలో 'కూల్చింది ఎవరు, కాల్చింది ఎవరు, తెంచింది ఎవరు' అని అవే ధాతువులను తిప్పి అడిగితే, పొంతనా ఆరోపణా ఒకే దెబ్బకు జరిగిపోతాయి. ఇంతటి సౌకర్యం మన భాషలో ఉండి కూడా చాలా పాటలు 'అడవి నశించింది, నది కలుషితమైంది' దగ్గరే ఆగిపోవడం నాకు బాధ కలిగిస్తుంది. అడవులు వాటంతటవే నశించవు. వరుసగా కర్త లేని క్రియలే ఉన్న పాటకు పొంతన ఉండవచ్చు, అందులో ఒకరు తప్పించుకున్నారని మీ విశ్లేషణ చెప్పాలి. పర్యావరణాన్ని భాష ఎలా చూపుతోందో అధ్యయనం చేసేవాళ్లు ఈ మరుగుపరచడం మీద కూడా దృష్టి పెడతారు.

సర్వనామాలూ ఇక్కడికే వస్తాయి. అవి పదజాల పొంతన కిందికి రావని మీ పర్యవేక్షకులు అనవచ్చు, శాస్త్రం ప్రకారం అది సరైనదే. అయినా కూల్చినవాళ్లు 'మనం' అయితే ఒక పాట, 'మీరు' అయితే ఇంకో పాట, పిల్లలో పక్షులో 'మేము' అని పాడితే మూడో పాట. తెలుగులో మనం, మేము వేరువేరుగా ఉన్నాయి కాబట్టి కవి తప్పించుకోలేడు. పల్లవిలో 'మనం' అని మొదలుపెట్టి, చరణంలోకి వచ్చేసరికి 'ఓ మనిషీ, నువ్వు' అని వేలు చూపించే పాటలు చాలా ఉన్నాయి. ఆ మారడానికి కారణం పాటలో కనబడకపోతే అక్కడ అతుకు విడిపోయినట్టే. పదాల వరుసలతో పాటు ఎవరు పాడుతున్నారు, ఎవరితో పాడుతున్నారు అన్నది కూడా పక్కన రాసుకోండి.

ఇంకో విషయం, ఇది నాకు చాలా ఇష్టమైనది. 1990లో గ్రీసులోని థెస్సలోనికిలో చేసిన ప్రసంగంలో హాలిడే ఒక సంగతి ఎత్తి చూపారు. గాలి, నీరు, నేల, చమురు లాంటి పదాలను ఇంగ్లిషు వంటి భాషల వ్యాకరణం హద్దులేని రాశులుగా చూస్తుంది, అందువల్ల అవి తరగనివన్న భావన భాషలోనే నాటుకుపోయి ఉంటుంది అని. పాట దీనికి విరుగుడు చేయగలదు. నీరు అనకుండా కొలత అనండి. మొదటి చరణంలో 'కడవెడు నీళ్లు', రెండోదానిలో 'దోసెడు నీళ్లు', మూడోదానిలో 'గుక్కెడు', చివర 'చుక్క'. కొలతల వరుస ఒకటి పాట పొడవునా దిగుతూ వస్తుంది. ఎక్కడా 'నీటి కొరత' అనక్కర్లేదు. ఇది పునరుక్తి కాదు, పర్యాయం కాదు, వ్యతిరేకమూ కాదు. మెట్ల వరుస. మీ పట్టికలో దీనికి గడి లేదనుకుంటాను, ఒకటి కలపండి.

శాస్త్ర పదాల గురించి కూడా రాశారు కదా, 'ప్లాస్టిక్', 'కార్బన్' లాంటివి పాటను పాడుచేస్తాయా అని. పదం కొత్తదైనంత మాత్రాన పాట పాడవదు. ఇందాక చెప్పిన జోనీ మిచెల్ పాటలో పురుగుమందు డీడీటీ పేరు సూటిగానే వస్తుంది. ఆపిళ్లు, పక్షులు, తేనెటీగలు దాని పక్కనే ఉన్నాయి కాబట్టి అది పరాయిగా వినిపించదు. అలాగే 'ప్లాస్టిక్ సంచి' ఆవు కడుపులోనో తాబేలు నోట్లోనో కనిపిస్తే పాటలో భాగమవుతుంది. 'ప్లాస్టిక్ భూతం' అంటే ఏ వరుసలోనూ చేరదు.

ఇక పట్టిక వేయడంలో సాధకబాధకాలు. కంప్యూటరుతో పదాలు వెతికించి ఉంటే మీ లెక్కలు తక్కువగా వచ్చి ఉంటాయి. తెలుగులో పదం విభక్తితో రూపు మార్చుకుంటుంది. ఏరు 'ఏటి' అవుతుంది, నీరు 'నీటి', 'నీళ్లు' అవుతుంది, కన్ను 'కంటి' అవుతుంది, చెట్టు 'చెట్ల' అవుతుంది. సంధిలో సగం మింగబడ్డ పదాలు సరేసరి: పైన 'తాడుంది'లో తాడూ ఉంది, 'ఉంది' కూడా ఉంది. 'నీరు' కోసం వెతికితే 'నీటి చుక్క', 'కన్నీళ్లు' రెండూ జారిపోతాయి. ఆ రెండోది జారిపోవడం పెద్ద నష్టం, ఎందుకంటే నీటి కరువు పాటలో కన్నీరు తరచు చివరి చరణానికి దాచిపెట్టిన పదం. పాటను చేత్తో రాసుకుని, మూల రూపాలను పక్కన వేసుకుని, రంగు పెన్సిళ్లతో వరుసలు గీయండి. పాట చిన్నది, ఒక పూటలో అయిపోతుంది.

పాదానికి పాదానికి మధ్య బంధాలు లెక్కపెట్టే పద్ధతి భాషాశాస్త్రవేత్త మైకేల్ హోయీది. 1991లో వచ్చిన తన పుస్తకంలో ఆయన రెండు వాక్యాల మధ్య కనీసం మూడు పద సంబంధాలు ఉంటేనే గట్టి బంధం అన్నారు. ఆయన చూసింది వచనం. పాట పాదంలో ఉండేదే మూడు నాలుగు పదాలు, మూడు సంబంధాలు కావాలంటే ఏ పాటా నెగ్గదు. ఆ పద్ధతి వాడదలిస్తే పాదాన్ని వదిలి చరణాన్ని ఒక ప్రమాణంగా తీసుకోండి. చరణానికి చరణానికి మధ్య చూస్తే ఆ మూడు సంబంధాల నియమం బాగానే పనిచేస్తుంది.

పల్లవిని ఎన్నిసార్లు లెక్కించాలన్న మీ చివరి సందేహానికి: ఒక్కసారే లెక్కించండి. కాని అది తిరిగొచ్చిన ప్రతిచోటా, అంతకు ముందు చరణంలో వచ్చిన ఏ పదం దాన్ని అందుకుంటోందో రాయండి. పైన నేను కట్టిన ముక్కలో 'మాట మాత్రం మిగిలిందిరా' మొదటిసారి వినిపించినప్పుడు మిగిలింది ఇసుక ఒక్కటే. చరణం 'చేతి వల మిగిలింది' అని ముగిశాక అదే పల్లవి వస్తే ఆ 'మిగిలింది'లో వల, తాడు, మెట్లు అన్నీ చేరి ఉంటాయి. అక్షరం మారలేదు గాని పదం బరువు మారింది. పట్టికలో పల్లవికి ఒక నిలువు గడి కాకుండా, చరణానికొకటి చొప్పున గడులు వేయండి.